తిరుగు టపా కవరు

అంచుకు అంచు కలిపి, అరచేత్తో మధ్యకు తోసి, గోవిందు చీరను ఒళ్లోకి లాక్కున్నాడు. ఎదురుగా పరుపు మీద విప్పి పడేసిన చీరలు ఇంకా బోలెడున్నాయి. పొద్దున్నే బత్తలపల్లి నుంచి పెళ్లివాళ్లు వ్యాను కట్టుకుని వచ్చారు. షాపులో ఉన్న ప్రతి రంగూ విప్పించారు, భుజాల మీద వేసుకుని ఫోటోలు దిగారు, రెండంటే రెండు చీరలు తీసుకుని, మళ్లీ వస్తామని చెప్పి వెళ్లారు. వాళ్లు రారని అందరికీ తెలుసు. అయినా విప్పిన చీర విప్పినట్టు ఉండకూడదు కదా, ఆ పని గోవిందుది.

ధర్మవరం పట్టు బజారులో చీర నేసినవాడికి ఒక పేరుంది, అమ్మేవాడికి అంతకన్నా పెద్ద పేరుంది. మడతపెట్టేవాడి పేరు ఎవడిక్కావాలి? పొడుగూ కాదు పొట్టీ కాదు, నెత్తిన పలచబడిన జుట్టు, పట్టు రాపిడికి నున్నబడి గీతలు అరిగిపోయిన బొటనవేళ్లు. ఆధార్ మిషను మీద ఆ వేళ్లు పెడితే అది ఏనాడూ ఒప్పుకోలేదు. హిందూపురం నుంచి పొద్దున బండికి రావడం, సాయంత్రం బండికి పోవడం, మధ్యలో మడతలు. ఎన్నేళ్లుగా అంటే ఆయనకే తెలియదు.

బయట స్కూటీ ఆగిన చప్పుడైంది. గోవిందు బొటనవేలు మడత మీద ఆగిపోయింది.

పోస్టు తెచ్చే నవీన. రోజూ ఇదే వేళకు వస్తుంది. బజారులో తక్కినవాళ్లు ఆమె ఏదన్నా తెస్తుందేమోనని చూస్తారు. గోవిందు మాత్రం ఏమీ తేకూడదు తండ్రీ అని గుండె చిక్కబట్టుకుని చూస్తాడు. ఆమె పక్క షాపులోకి వెళ్లింది. అమ్మయ్య అని మడత ముగించాడు.

"ఏమన్నా, యముడి దగ్గర గుమాస్తా పని ఇంకా చేస్తాండావా, మానేసినావా?" అన్నాడు రామాంజి. షాపులో చీరలు చూపించేది అతనే. నోరే గానీ మనసులో ఏమీ లేని మనిషి.

"ఊరికే ఉండబ్బా," అన్నాడు గోవిందు.

రామాంజి తమాషాకే అంటాడు. కానీ ఆ మాట విన్నప్పుడల్లా గోవిందు వీపు మీద చల్లగా ఏదో పాకేది.

సంగతేమిటంటే, గోవిందుకు నాటకాల పిచ్చి. పౌరాణికం అంటే చాలు, తిండి అక్కర్లేదు, నిద్ర అక్కర్లేదు. నాటకం ముగిశాక జనమంతా తెర వెనక్కి పోయి నటుల చేతులు పట్టుకుని మాట్లాడతారు. గోవిందుకు మాత్రం కాళ్లు కదిలేవి కావు. ఇంటికొచ్చి జాబు రాసేవాడు. కరపత్రం మీద పాత్రధారుల పేర్ల పక్కనే ఊరు పేరు కూడా వేస్తారు, ఆ అడ్రసు చాలు, పల్లెల్లో నాటకాలాయన అంటే పోస్టువాళ్లకు తెలియకుండా పోదు. "అయ్యా, తమరి పాత్ర చూసి ధన్యుణ్ణయ్యాను. జత చేసిన అట్ట మీద సంతకం చేసి తిరుగు టపాలో పంపగలరు" అని రాసి, చీర మడతలో పెట్టే తెల్ల అట్ట ఒకటి, స్టాంపులు అంటించి తన పేరూ షాపు అడ్రసూ రాసిన కవరు ఒకటి లోపల పెట్టేవాడు. చివర ఇంకో ముక్క చేర్చేవాడు. ఆ ముక్కే కొంప ముంచింది. "ముఖాన రంగు ఉండగానే సంతకం చేయగలరు. తమ వేలి రంగు కాస్త అట్టకు అంటితే నా భాగ్యం."

ఎవరూ కాదనలేదు. నటుల్ని పట్టించుకునే నాథుడే లేని రోజుల్లో ఒకడు జాబు రాసి అడిగితే ఎవరికి ముచ్చట కాదు? కవర్లు తిరిగొచ్చేవి. వచ్చినప్పుడల్లా గోవిందుకు ఒళ్లు జలదరించేది. పైన ఉండేది తన చేతిరాతే. తను రాసిన తన పేరు, ఊరుగాని ఊళ్లో ఎవరింట్లోనో కొన్నాళ్లుండి, మళ్లీ తనను వెతుక్కుంటూ వచ్చేది. ఇది నేను రాసిందేనా అని ఒక్కోసారి అనుమానం కూడా వచ్చేది. చింపితే లోపలి నుంచి కొబ్బరినూనె కలిపిన రంగు వాసన గుప్పుమనేది. అట్ట మీద సంతకం, పక్కన గులాబి రంగు వేలిముద్ర.

తాడిమర్రి వెంకటేశ్వర్లు సంతకం వచ్చిన వారంలోనే నాటకాల వాట్సాప్ గ్రూపులో ఆయన ఫోటోకు దండ వేసి పెట్టారు. పెద్ద వయసు, పోయాడనుకున్నాడు గోవిందు. గాండ్లపెంట ఆంజనేయులు సంతకం వచ్చింది. ఆయనదేం పోయే వయసు కాదు. స్టేజీ మీద గద ఎత్తినవాడు ఎత్తినట్టే కూలిపోయాడట. తర్వాత ఇంకొకరు. ఆ తర్వాత మరొకరు. యముడి గుమాస్తా అని రామాంజి పేరు పెట్టింది అప్పుడే. చివరాయన దినాలకు వెళ్లినప్పుడు, హార్మోనియం వాయించే వీరేష్ దగ్గర గోవిందు ఉండబట్టలేక సంగతంతా చెప్పేశాడు. వీరేష్ చేతిలో బీడీ నోటి దాకా పోకుండా ఆగిపోయింది.

"రంగు మీద ఉండంగా సొంత పేరు రాయమంటివా? ఏమప్పా, నీకేమన్నా బుద్ధి ఉండాదా! రంగు పడినాక మేము ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోము కూడా. ఆ పొద్దుకు ఆ పేరు మనది కాదు. రాసిస్తే పోతాది. వేషం దిగేకి లోపల మనిషి మిగలడు."

"నాకు తెలీదు వీరేషన్నా. తెలీక రాసినా."

"తెలీనోడివి ఎదురుగా కూర్చొని చూసిపోవల్ల. తెర లోపలికి చెయ్యి పెడితివే!"

ఆ రోజుతో గోవిందు జాబులు మానేశాడు. వచ్చిన అట్టలన్నీ తీసుకుపోయి పెన్న ఇసుకలో పూడ్చిపెట్టి, ఇంటికొచ్చి తలస్నానం చేశాడు. మానేస్తే మాత్రం అయిపోతుందా? అంతకు ముందే పంపినవి ఉన్నాయి. పెనుకొండ సోమశ్రీకి పంపినవి.

అందరికన్నా ముందు రాసింది ఆమెకే. వయసులో ఉన్నప్పుడు పెనుకొండ తిరునాళ్లలో ఆమె రాణి వేషం చూశాడు. సగం పద్యంలో కరెంటు పోయింది. మైకు లేదు, హార్మోనియం ఆగిపోయింది, జనం గోల. ఆమె ఆపలేదు. ఆ చీకట్లో ఒక్క గొంతు, ఎవరిదో తెలియని గొంతు, కొండకు తగిలి వెనక్కి వచ్చినట్టు వినిపించింది. గోవిందుకు ఏడుపొచ్చింది. ఎందుకో తెలియదు. ఆ తర్వాత పెళ్లయింది, పిల్లలు పుట్టారు, పెద్దవాళ్లయ్యారు, తల్లీ తండ్రీ పోయారు. ఏ రోజూ ఆ రోజంత గట్టిగా గుర్తు లేదు. ప్రతి ఉగాదికీ ఆమెకొక జాబు పంపేవాడు. ఒక్కదానికీ జవాబు రాలేదు. రోజూ పొద్దునా సాయంత్రమూ రైలు పెనుకొండలో ఆగేది. ఎప్పుడూ దిగలేదు. అప్పుడు జవాబు రాలేదని కుమిలిపోయాడు. ఇప్పుడు రాకుండా ఉంటే చాలునని దేవుడికి దండం పెట్టుకుంటున్నాడు. తన చేత్తో రాసిన కవర్లు ఆమె ఇంట్లో ఉన్నాయి. ఏ రోజు ఏ బుద్ధి పుట్టి సంతకం చేసి పంపుతుందో!

"గోవిందన్నా!"

నవీన షాపు మెట్టెక్కి నిలబడి ఉంది. చేతిలో కవరు.

"ఏమన్నా, నీకు నువ్వే రాసుకుంటివా? అడ్రసు అచ్చం నీ రాతే ఉండాదే. ముద్ర పెనుకొండది."

గోవిందు లేవలేకపోయాడు. రామాంజి తీసుకుని అందించాడు. కవరు పాతబడి పసుపెక్కింది. స్టాంపులు ఎప్పటివో. లోపల అట్ట వేలికి తగులుతోంది. మూలన చిన్న గులాబి మరక. ముక్కు దగ్గర పెట్టుకోకుండానే వాసన వచ్చింది.

చింపలేదు. చింపకపోతే చేరనట్టే. చేరకపోతే ఆమె సంతకం పెట్టనట్టే. ఇంకా ఏదో దారి ఉంది, వెనక్కి ఇచ్చేస్తే సరిపోతుంది, ఆమె చేతిలో పెట్టి తుడిపేయమంటే సరిపోతుంది అని గట్టిగా అనుకుని, కవరు చొక్కా లోపల పెట్టుకుని యజమాని దగ్గరికి వెళ్లాడు.

"ఇప్పుడే పోవల్లనా?" అన్నాడు శివప్రసాద్ గల్లా పెట్టె దగ్గర నుంచి. "ఆ చీరలన్నీ ఎవరు మడతపెట్టేది గోవిందూ?"

"రేపు పొద్దున్నే వచ్చి పెడతా సార్. ఒక మనిషి పానం సంగతి."

శివప్రసాద్ తల ఎత్తి చూశాడు. గోవిందు చీరలు విప్పినవి విప్పినట్టు వదిలి వెళ్లడం ఆ షాపులో ఎవరూ ఎరగరు. సరే పో అన్నాడు.

పెనుకొండలో దిగేసరికి పొద్దు కొండ వెనక్కి జారుతోంది. కార్ల ఫ్యాక్టరీ బస్సులు రోడ్డు మీద దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి. ఆటో అతను సోమశ్రీ అంటే తెలియదన్నాడు, నాటకాల సోమక్క అంటే ఎక్కమన్నాడు. కోట గోడ కింద సందు మొదట్లో దింపి, "ఆ కొనాకరి ఇల్లప్పా. ఈ టైములో పోతాండావు, జంకొద్దు," అని నవ్వి వెళ్లిపోయాడు. ఆ నవ్వేమిటో గోవిందుకు అర్థం కాలేదు.

తలుపు బార్లా తీసి ఉంది. లోపల దీపం లేదు. అడుగు పెట్టగానే అదే వాసన. కిటికీ పక్కన నేల మీద, గోడకు ఆనించిన నిలువుటద్దం ముందు ఒక ముసలామె వీపు ఇటు పెట్టి కూర్చుని ఉంది. జుట్టు తెల్లగా నేలకు జారింది. అద్దంలో ముఖం మాత్రం ముసలిది కాదు. గులాబి రంగు మెత్తి, కనుబొమలు దిద్ది, కళ్లకు కాటుక చెవుల దాకా లాగిన రాణి ముఖం అది. పెదవులు కదులుతున్నాయి, గొంతు వినబడడం లేదు.

అద్దంలోని కళ్లు ఆయన చేతిలో కవరు మీదికి తిరిగాయి.

"రా నాయనా గోవిందూ. వస్తావని తెలుసు."

"అమ్మా, నా పేరు..."

"నీ కవర్ల మీద ఉండేది అదొక్కటే కదప్పా. పక్కింటి సంగీత ప్రతి కవరూ చదివి చెప్పేది. ఈడ కూర్చో. బెదరొద్దు. సాయంత్రమైతే ఇంత రంగు పూసుకోకపోతే నాకు నిద్ర రాదు. ఊర్లో నన్ను దయ్యం అంటారు. అననీలే."

గోవిందు ఆమె పక్కన మోకాళ్ల మీద కూలబడి కవరు ముందుకు చాపాడు.

"నేను విప్పలేదమ్మా. నాకొద్దు. మీరు పెట్టిన సంతకం వెనక్కి తీసుకోండి. కొట్టేయండి, కాల్చేయండి, ఏమన్నా చేయండి. రంగు మీద పేరు రాయకూడదంట. నాకు తెలీక అడిగినా. నేను అడిగినోళ్లంతా పోయినారు. మీరు పోకూడదమ్మా."

సోమక్క పకపకా నవ్వింది. ఆ నవ్వు చీకటి గదిలో పడుచుపిల్ల నవ్వులా ఉంది.

"సంతకమా! నాకు రాత వస్తే కదా నాయనా!"

గోవిందు కవరును తిరగేసి చూశాడు.

"బడి మొగం చూడలేదు నేను. ఊహ తెలిసేకి నాటక సమాజంలో ఉండా. మా గురువు చెప్తాంటే చెవుల్తో పట్టుకున్న పద్యాలు అవన్నీ. పుస్తకం నా చేతికిస్తే ఏది పైనో ఏది కిందో తెలీదు. నాకు రాయను రాదని చెప్పి నిన్నెట్ల నొప్పించల్ల అని జవాబే ఇయ్యలేదు."

ఇన్నేళ్లూ ఏమేమనుకున్నాడు తను! గర్వం అనుకున్నాడు, ఇష్టం లేదనుకున్నాడు, తనలాంటి వాడికి రాయడమేమిటనుకుందేమో అనుకున్నాడు. అన్ని పద్యాలు అంత బాగా పాడిన మనిషికి పేరు రాయడం రాదన్న ఆలోచన కలలో కూడా రాలేదు. పెట్టని సంతకానికి ఏ పాపమూ అంటదు. ఆమె బతుకుతుంది. గోవిందు ముఖం చేతుల్లో పెట్టుకుని వలవల ఏడ్చాడు. ఏడుస్తూనే నవ్వాడు.

"అయ్యో, పిచ్చోడా. ఇటు తిరుగు," అని ఆమె రంగు గిన్నెలో వేలు ముంచి ఆయన చెంపల మీదా నుదుటి మీదా పూసింది. వేలు చల్లగా ఉంది. "వేరే ఇండ్లలో కుంకుమ పెట్టి పంపుతారు. నా ఇంట్లో ఇదే. ఇంగ ఆ కవరు విప్పు, ఏమీ కాదు."

విప్పాడు. తెల్ల అట్ట, ఖాళీగా ఉంది. వెంట గుండ్రటి అక్షరాలతో ఒక చీటీ. "అయ్యా, ఈ అట్ట మీద మీ సంతకం చేసి పంపగలరు. ఇట్లు, సోమక్క."

"సంగీత చేత రాయించినా," అంది ఆమె. అద్దంలో కాదు, ఈసారి నేరుగా చూసి. "నాతో పద్యాలు పాడించుకున్నోళ్లు ఉండారు. ఫోటోలు దిగినోళ్లు ఉండారు. నా చేతిరాత కావల్లని అడిగినోడు నువ్వొక్కడివే. నన్ను అంత పెద్దదాన్ని చేసినోడి పేరు, వాని చేత్తోనే రాస్తే ఎట్లుంటాదో చూడల్లని ఆశ పుట్టె. పెడతావా నాయనా?"

గోవిందు సంతకం అడిగినవాళ్లు ఇంతవరకూ బ్యాంకువాళ్లూ రేషన్ షాపువాళ్లూ. వాళ్లకు కావలసింది ఆయన కాదు, కాగితం కింద గీత. ఇప్పుడు ఒక రాణి ఎదురుగా కూర్చుని, దోసిలి పట్టినట్టు చేతులు చాపి, నీ పేరు కావాలి అంటోంది. పెన్ను కోసం జేబు తడుముకున్నాడు, లేదు. సోమక్క కేకేస్తే పక్కింటి సంగీత కిటికీలోంచి నీలం పెన్ను ఒకటి అందించి, వంట పని మీద ఉన్నట్టుంది, వెంటనే వెళ్లిపోయింది. గోవిందు మూత తీసి కిటికీ గట్టు మీద పెట్టాడు.

"గో" రాశాడు. "విం" రాస్తూ తల ఎత్తాడు.

అద్దంలో తన ముఖం. చెంపల మీద, నుదుటి మీద గులాబి రంగు. వెలుగు తగ్గిన గదిలో ఆ రంగు ఒక్కటే కనబడుతోంది, కింద మనిషి కనబడడం లేదు. వీరేష్ మాట చెవిలో పలికినట్టయింది. పెన్ను ఆగింది.

"ఏమప్పా ఆగితివి? పేరు మర్చిపోతివా?"

ఆమెకు ఆ ఆచారం తెలియదా? తెలిసే పూసిందా? ఆ కళ్లు చూస్తే ఏమీ చెప్పలేం. కాటుక వెనకాల అవి ఎంతో దూరంలో ఉన్నట్టున్నాయి. తువ్వాలు భుజం మీదే ఉంది. ఒక్క తుడుపు తుడుచుకుని రాయవచ్చు, ఎవరు వద్దంటారు? కానీ తుడుచుకుంటే ఆమె ఎదుట కూర్చునేది మళ్లీ మడతలు పెట్టే గోవిందే. జీవితమంతా తెర ఇవతలే కూర్చున్నాడు. ఇంత దూరం వచ్చి, పేరు సగం చెప్పి, మళ్లీ జనంలోకి పోయి కూర్చోవాలా? భయం వేసింది, నిజం చెప్పాలంటే చాలా వేసింది. దానికంటే ఆశ పెద్దదైంది. "దు" రాశాడు. కొమ్ము కొంచెం సాగదీసి కింద రెండు చుక్కలు పెట్టాడు. పెద్ద నటులంతా అట్లాగే పెడతారు.

సోమక్క అట్ట రెండు చేతులా అందుకుని కళ్లకు అద్దుకుంది. అప్పుడు పాడింది. కరెంటు పోయిన రోజు పాడిన పద్యమే. గొంతు పగిలింది, ఊపిరి చాలడం లేదు, ఐనా అదే గొంతు. గోవిందు చేతులు కట్టుకుని చివరి దాకా విన్నాడు.

హిందూపురం బండిలో కిటికీ పక్కన సీటు దొరికింది. సుగుణమ్మ ఫోన్ చేసింది.

"యాడ ఉండావు? ఎప్పుడూ ఈపాటికి వచ్చేస్తావే."

"పెనుకొండలో దిగింటిని. వస్తాండా." కొంచెం ఆగి అన్నాడు. "సుగుణా, ఈ పొద్దు నన్నొకరు సంతకం అడిగినారు."

"ఎవరు, బ్యాంకోళ్లా?"

"కాదు. ఇంటికొచ్చి చెప్తా. తీరిగ్గా చెప్పల్ల."

"సరే, చారు కాచి పెట్టినా. చల్లారిపోతాది, బిరీన రా," అని పెట్టేసింది. నవ్వుతూ ఫోన్ జేబులో వేసుకున్నాడు.

ఎదుటి సీటు ఆమె ఆయన ముఖం వైపు చూసి, చూపు తిప్పుకుని, మళ్లీ చూసింది. రంగు తుడుచుకోవాలని గోవిందుకు అనిపించలేదు. గాలి చల్లగా తగులుతోంది. మలుగూరు దాటాక కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. పెదవులు మాత్రం చాలాసేపు కదులుతూనే ఉన్నాయి, పద్యం అందుకుంటున్నట్టు. తర్వాత అవీ ఆగాయి.

హిందూపురంలో రైలు పెట్టె ఖాళీ అయింది. "పెద్దాయనా, ఊరొచ్చె, దిగల్ల," అని ఎదుటి సీటు ఆమె భుజం తట్టింది. మళ్లీ తట్టింది. మూడోసారి తట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆమె వేళ్లకు గులాబి రంగు అంటింది. ఎంతసేపటి కిందట పూసిన రంగో, ఇంకా తడిగానే ఉంది.

మర్నాడు పొద్దున అంగన్‌వాడీకి పోతూ సంగీత సోమక్క గడప దగ్గర ఆగింది. "అవ్వా, నా పెన్నేది? రిజిస్టరు రాయల్ల."

"ఆ యప్ప జోబులో పెట్టుకుని పోయినాడే," అంది సోమక్క. రంగు కడిగేసిన ముఖంలో ముడతలు పొద్దున వెలుగుకు లోతుగా కనబడుతున్నాయి. అట్ట ఆమె ఒళ్లోనే ఉంది. "రోజూ ఈ దారినే పోతాడంట. మళ్లా వస్తే ఇప్పిస్తాలే."

"ఇప్పుడెట్ల రాసేది నేను?" అని గొణుక్కుంటూ సంగీత వెళ్లిపోయింది. సోమక్క ఎండ పడకుండా కిటికీ రెక్క దగ్గరికి వేసింది. గట్టు మీద నీలం పెన్ను మూత ఒకటి ఉంది, కొన మీద పంటిగాట్లతో.